మక్తల్ దారులు: రైలింజను, ఎర్రబస్సు, పందెపు కారు

కృష్ణానది తెలంగాణలో తొలి అడుగు పెట్టేది మక్తల్ ప్రాంతంలోనే. తంగిడి దగ్గర భీమానదిని కలుపుకొని తూర్పుకు సాగుతుంది. నదికి ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది మక్తల్ పట్టణం. నిజాం కాలంలో తాలూకా కేంద్రం, తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం, 2019 ఫిబ్రవరి 17 నుంచి కొత్తగా ఏర్పడిన నారాయణపేట జిల్లాలోది. ఊరి మీదుగా 167వ నంబరు జాతీయ రహదారి పోతుంది. అటు వెళితే రాయచూరు, ఆదోని. ఇటు వస్తే మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మిర్యాలగూడ, కోదాడ. పాలమూరు, నల్లగొండ మెట్టసీమలు రెండింటినీ కలిపే దారి ఇది.

యంత్రంతో నడిచే బండి చరిత్రను మామూలుగా లండన్ నుంచో పారిస్ నుంచో మొదలుపెడతారు. ఎంత వేగం పెరిగింది, ఏ సంవత్సరంలో ఏ రికార్డు పడింది అన్నదే అందులో ప్రధానం. మక్తల్ లాంటి ఊరి నుంచి చూసినప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న వేరు: ఆ బండి మా దగ్గర ఆగిందా? రైలింజను, బస్సు, పందెపు కారు అనే మూడు యంత్రాల కథను ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే పరిశీలిస్తుంది.

పొలిమేర తాకి పోయిన పట్టాలు

రైలింజను భవితవ్యం తేలింది ఒక పందెంలోనే. లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం కట్టిన కంపెనీ, బండ్లను లాగడానికి ఏ ఇంజను పనికొస్తుందో తేల్చుకోవడానికి 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ అనే చోట పోటీ పెట్టింది. బహుమతి 500 పౌండ్లు. జార్జ్ స్టీఫెన్‌సన్, ఆయన కొడుకు రాబర్ట్ తయారుచేసిన 'రాకెట్' గెలిచింది. దాని గరిష్ఠ వేగం గంటకు 47 కిలోమీటర్ల దాకా పోయింది. అసలు విశేషం దాని బాయిలరులో ఉంది. అంతకు ముందు ఇంజన్లలో వేడిపొగ ఒకటి రెండు పెద్ద గొట్టాల గుండా పోయేది. రాకెట్‌లో పాతిక సన్నని రాగి గొట్టాలు పెట్టారు. నీటికి వేడి తగిలే వైశాల్యం పెరిగింది, ఆవిరి వేగంగా పుట్టింది. వాడేసిన ఆవిరిని పొగగొట్టంలోకి ఊదడంతో మంటకు గాలి గుంజుకొచ్చేది. తరువాత నూరేళ్ళకు పైగా ప్రపంచమంతటా నడిచిన బొగ్గు ఇంజన్లలో ఉన్నది ఈ రెండు సూత్రాలే.

మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందర్ నుంచి ఠాణాకు, 34 కిలోమీటర్లు నడిచింది. 14 పెట్టెల ఆ బండిని సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు లాగాయి. దాన్ని నడిపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే అక్కడి నుంచి ఆగ్నేయంగా పట్టాలు పరుచుకుంటూ వచ్చింది. షోలాపూర్, గుల్బర్గా, వాడి దాటి 1871లో కృష్ణ మీద వంతెన కట్టి రాయచూరు చేరింది. అటు అరక్కోణం వైపు నుంచి మద్రాసు రైల్వే కూడా అదే ఏడాది రాయచూరు చేరడంతో బొంబాయి, మద్రాసు ఏకమయ్యాయి.

ఆ దారిలో నదికి ఉత్తరపు గట్టున వెలసిన స్టేషన్ పేరు కృష్ణా. ఇప్పుడది నారాయణపేట జిల్లాలో ఉంది. హైదరాబాదు చరిత్రలు రాసేవారు తెలంగాణలో రైలు 1874తో మొదలైందంటారు. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం సొమ్ముతో వేసిన మార్గం ఆ ఏడాది అక్టోబరు 9న తెరుచుకుంది కాబట్టి ఆ లెక్క. అయితే నేటి తెలంగాణ సరిహద్దులను పట్టి చూస్తే, రాజధాని కంటే మూడేళ్ళు ముందే పట్టాలు వచ్చిన నేల ఈ కృష్ణ గట్టు. ఈ సంగతికి పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కాలి.

అయినా ఆ రైలు మక్తల్ కోసం వేసింది కాదు. రెండు ఓడరేవులను, వాటి మధ్య ఉన్న సైనిక స్థావరాలను కలపడం దాని మొదటి పని. దక్కన్ పత్తిని రేవుకు చేర్చడం రెండోది. అమెరికా అంతర్యుద్ధం జరిగిన 1861–65 మధ్య మాంచెస్టర్ మిల్లులకు అక్కడి పత్తి అందక, మన నల్లరేగడి పత్తికి అమాంతం గిరాకీ పెరిగింది. రేఖ ఎక్కడ గీయాలో ఆ అవసరాలే నిర్ణయించాయి. చేనేత చీరలకు పేరుపొందిన నారాయణపేట దారిలో తగల్లేదు. ఆ ఊరికి ఎడంగా, సైదాపూర్ దగ్గర కట్టిన స్టేషనుకు 'నారాయణపేట రోడ్' అని పేరు పెట్టి ఊరుకున్నారు. రైల్వే వాడుకలో ఊరి పేరు పక్కన 'రోడ్' అని ఉంటే, ఆ ఊరికి ఇంకా కొంత దారి నడవాలన్నమాట. మక్తల్ పేరుతో అలాంటి స్టేషన్ కూడా లేకపోయింది. కృష్ణా స్టేషన్ దాకా ఎడ్లబండి కట్టుకొని పోవలసిందే.

నిజాం రైల్వే, మీటర్‌గేజి

సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో మొదలైన రైలు పనులు రాజ్యం ఖజానాకు పెద్ద భారమయ్యాయి. లండన్ మార్కెట్లో అప్పులు, పెట్టుబడిదారులకు వడ్డీ హామీలు పెరిగాయి, వాటి చుట్టూ దళారీలు చేరారు. 1883లో చాందా రైల్వే పథకం వచ్చినప్పుడు హైదరాబాదులో చదువుకున్నవారు దాన్ని బహిరంగంగా ప్రశ్నించారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ వారిలో ముఖ్యులు. చటోపాధ్యాయను ఉద్యోగం నుంచి తప్పించి రాజ్యం వెలుపలికి పంపారు. ప్రజల సొమ్ముతో వేసే పట్టాల లెక్క ప్రజలకు చెప్పాలన్న మాట ఈ గడ్డ మీద అంత పాతది. హైదరాబాదు రాజ్యంలో రాజకీయ చైతన్యానికి తొలి అడుగుల్లో ఒకటిగా దీన్ని లెక్కించాలి.

గ్యారంటీడ్ స్టేట్ రైల్వేగా పేరు మార్చుకున్న ఆ సంస్థ 1889 నాటికి బెజవాడ చేరింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు పెట్టింది. పాలమూరుకు దాని చూపు తిరగడానికి ఇంకా కాలం పట్టింది. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ వైపు మీటర్‌గేజి లైను 1916 ప్రాంతంలో వచ్చింది. కాచిగూడ స్టేషన్ భవనం కూడా ఆ ఏటిదే. తరువాత గద్వాల దాటి, తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా ద్రోణాచలం దాకా సాగింది. ఈ లైను దేవరకద్ర నుంచి దక్షిణానికి, గద్వాల వైపు తిరుగుతుంది. మక్తల్ దానికి పడమట ఉండిపోయింది. ఒక పక్క బొంబాయి లైను, ఇంకో పక్క గద్వాల లైను. నడుమ మక్తల్, నారాయణపేట, మరికల్ ప్రాంతమంతా పట్టాల్లేని నేలగా మిగిలింది.

మీటర్‌గేజి అంటే రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. బ్రాడ్‌గేజిలో అది 1.676 మీటర్లు. సన్న పట్టాలకు కట్ట వెడల్పు తక్కువ, మలుపులు బిగువుగా తిప్పవచ్చు, ఖర్చు తక్కువ. అందుకే ఆదాయం తక్కువ వచ్చే మెట్ట ప్రాంతాలకు దాన్నే ఎంచుకున్నారు. ఆ చౌకకు మూల్యం తరువాత దాదాపు ఎనభై ఏళ్ళు చెల్లించవలసి వచ్చింది. పెద్ద లైను వ్యాగన్ చిన్న లైను ఎక్కదు. రెండు గేజిలు కలిసే ప్రతి చోటా సరుకు దించి మళ్ళీ ఎక్కించాలి. హమాలీల కూలి, జాప్యం, చిరిగిన బస్తాల్లోంచి కారిపోయిన గింజలు అన్నీ రైతు లెక్కలోనే పడేవి.

ఈ లైను దేశమంతటికీ తెలిసింది ఒక విషాదంతో. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వరదకు దెబ్బతిన్న చిన్న వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కముందే నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో ఘోరం జరిగింది. ఈసారి శాస్త్రి ప్రధాని మాట వినకుండా తప్పుకున్నారు. శాస్త్రి రాజీనామా గురించి ఈనాటికీ ఉపన్యాసాల్లో చెబుతారు కానీ, దానికి మొదటి కారణం పాలమూరు వాగు మీది వంతెన అని చెప్పేవారు అరుదు.

1951లో నిజాం స్టేట్ రైల్వే కేంద్ర రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. గేజి మార్పిడి 1990లలో జరిగింది. సికింద్రాబాదు–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల రెండో లైను, విద్యుదీకరణ సుమారు 1,410 కోట్ల రూపాయల ఖర్చుతో పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమయ్యాయి.

ఊరి బండి

మక్తల్‌కు యంత్రయుగాన్ని నిజంగా తెచ్చింది బస్సు. ఈ సంగతిలో హైదరాబాదు రాజ్యం దేశంలోని మిగతా ప్రాంతాల కంటే ముందుంది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ప్రభుత్వమే ప్రయాణికుల బస్సులు నడపడానికి దేశంలో ఇదే నాంది అని రవాణా చరిత్రకారులు లెక్కిస్తారు. స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులవి. వాటిలో 'డెక్కన్ క్వీన్' అనే ఒకదాన్ని హైదరాబాదులో ఇప్పటికీ భద్రపరిచారు. బస్సుల నంబరులో 'జడ్' అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని అంటారు. రాజ్యం పోయినా, సంస్థ పేరు పలుసార్లు మారినా ఆ అక్షరం మారలేదు.

బస్సును రైల్వే చేతిలో పెట్టడంలో తెలివి ఉంది. ఇతర చోట్ల ప్రైవేటు బస్సులు రైలుతో పోటీపడి, రెండూ నష్టపోతున్న రోజులవి. రైలు పోని ఊళ్ళ నుంచి జనాన్ని స్టేషనుకు చేర్చడానికి బస్సు, అక్కడి నుంచి రైలు, రెండూ ఒకే యాజమాన్యం కింద నడిచాయి. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్‌లోనూ నిజాం రైల్వేకే పెద్ద వాటా. పట్టాలు, రోడ్డు, గాలి మూడింటినీ ఒక్క సంస్థ చూసుకున్న ఆ పద్ధతిని ఇప్పుడు నగర ప్రణాళికా నిపుణులు కొత్త ఆలోచనగా సిఫారసు చేస్తున్నారు. మనకు అది పాత అనుభవం.

రోడ్డుకూ నదే అడ్డం. దేవసుగూరు దగ్గర కృష్ణ మీద కమానుల వంతెన నిజాం కాలంలో, 1943 నాటికి పూర్తయింది. దాన్ని సిరాతే జూదీ అన్నారు. మక్తల్ నుంచి రాయచూరు సంతకు, మంత్రాలయం యాత్రకు వెళ్ళే దారి దానితో ఏడాది పొడవునా తెరుచుకుంది.

1951 నవంబరు 1న బస్సులు రైల్వే నుంచి విడివడి హైదరాబాదు ప్రభుత్వం కిందికి వచ్చాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1999లో 18,397 బస్సులతో ప్రపంచంలోకెల్లా పెద్ద బస్సు దళంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. రాష్ట్రం విడిపోయాక 2016లో తెలంగాణ సంస్థ వేరుపడింది.

పల్లెకు ఎర్రబస్సు చేసిన మేలును ఆ అంకెలు చెప్పవు. పొద్దున మొదటి బస్సుకు పాల క్యాన్లు, మోపులు కట్టిన కూరగాయలు, పట్నం కాలేజీకి పోయే పిల్లలు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళు ఎక్కుతారు. కండక్టరు చేతికి ఉత్తరం ఇస్తే తరువాతి ఊళ్ళో అందేది. బస్సు రావడం మొదలైన ఊళ్ళో ఆడపిల్లల చదువు ఏడో తరగతితో ఆగకుండా ముందుకు పోవడానికి వీలైంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు చార్జీ లేదు. బస్సుల సంఖ్య ఆ రద్దీకి తగినట్టు పెరగాలన్న విమర్శ న్యాయమైనదే. అయినా రోజుకూలికి పోయే ఆడమనిషి చేతిలో బస్సు చార్జీ మిగలడం ఈ మెట్టసీమలో చిన్న విషయం కాదు.

ఇదే బస్సు ఈ ప్రాంతపు కష్టానికి సాక్షి కూడా. వానల మీద ఆధారపడ్డ నేల. పంట పోతే పని వెతుక్కుంటూ వలస పోవడమే. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కట్టిన కూలీల గుంపులు నాగార్జునసాగర్ మొదలు దేశంలోని ఎన్నో ఆనకట్టల మట్టిపనికి వెళ్ళాయి. 'పాలమూరు లేబర్' అన్న మాట గుత్తేదారుల నోట అలా నిలిచిపోయింది. మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి వారానికి ఒక్క బస్సు నడిచే చోట, పదేళ్ళలో అవి ముప్పైకి పైగా పెరిగాయని పాత్రికేయుడు పి. సాయినాథ్ 2003లో రాశారు. రవాణా లెక్కల్లో అది అభివృద్ధి. ఊళ్ళలో తాళాలు పడ్డ ఇళ్ళు, తాతమ్మల దగ్గర మిగిలిన పిల్లలు ఆ లెక్కకు రెండో పక్క. ఎక్కువ బండ్లు తిరిగినంత మాత్రాన ఊరు బాగుపడినట్టు కాదని ఈ జిల్లా చూసినంత దగ్గరగా మరొకటి చూసి ఉండదు.

పందెపు కారు

మోటారు పందేలు పుట్టింది ఫ్రాన్సులో. 1894లో పారిస్ నుంచి రూఆన్‌కు గుర్రం లేని బండ్ల పోటీ జరిగింది. మరుసటి ఏడాది పారిస్–బోర్డో–పారిస్ పందెంలో ఎమీల్ లవాసర్ 1,178 కిలోమీటర్లను దాదాపు 49 గంటల్లో పూర్తిచేశాడు. గంటకు 24 కిలోమీటర్లు! మన ఎర్రబస్సు దానికంటే వేగంగా పోతుంది. 1906లో లమాన్ దగ్గర తొలి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి, 1950లో సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ప్రపంచ పోటీలు మొదలయ్యాయి.

హైదరాబాదులో కారు మొదట రాజుల వేడుక. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మీదుగా. ఆయనే పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు, లోపల సింహాసనం లాంటి ఆసనంతో, ఆర్డరు ఇచ్చాడు. అది తయారై వచ్చేలోగా 1911 ఆగస్టులో ఆయన చనిపోయాడు. చౌమహల్లా ప్యాలెస్‌లో చూపించే ఆ కారు దశాబ్దాలలో తిరిగింది కొన్ని వందల మైళ్ళే.

కారును యంత్రంగా విప్పి, అర్థం చేసుకొని, తిరిగి కట్టిన తెలుగువారి కోసం కోయంబత్తూరు వెళ్ళాలి. శతాబ్దాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి వచ్చినవాడు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జి.డి. నాయుడుగా ప్రసిద్ధుడు, 1893లో పుట్టాడు. పెద్ద చదువు లేదు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి–పళని మధ్య తానే నడిపాడు. ఆ ఒక్క బస్సే పెద్ద బస్సుల సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి మన దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారు చేశాడు. అదే పట్టణంలో, లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టినవాడు ఎస్. కరివర్ధన్. తక్కువ ఖర్చుతో కుర్రవాళ్ళు పందెం నేర్చుకోవడానికి మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు కారు రూపొందించాడు. ఫార్ములా మారుతి అనే ఆ తరగతి పోటీల్లోనే నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసి, 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. విదేశీ కారు కొని నడిపినవారికంటే, మన దగ్గర దొరికే ఇంజనుతో మన కుర్రవాళ్ళకు కారు చేసిపెట్టిన ఈ మనిషి గొప్పవాడు.

ప్రపంచస్థాయి పందెం హైదరాబాదుకు 2023 ఫిబ్రవరి 11న వచ్చింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం చుట్టూ ఉన్న రోడ్లనే 18 మలుపుల, సుమారు 2.8 కిలోమీటర్ల బాటగా మార్చి ఫార్ములా ఈ పోటీ నడిపారు. 2013లో గ్రేటర్ నోయిడా ఫార్ములా వన్ తరువాత దేశంలో జరిగిన ఆ స్థాయి మోటారు పోటీ ఇదే. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసిన రెండో పోటీ రద్దయింది.

ఫార్ములా ఈ కార్లు బ్యాటరీతో నడుస్తాయి. బ్రేకు వేసినప్పుడు చక్రం తిరిగే శక్తి వేడిగా వృథా పోకుండా, మోటారే జనరేటరై ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. ఆ కార్లు పందెంలో ఖర్చుచేసే విద్యుత్తులో నలభై శాతం దాకా ఇలా తిరిగొచ్చిందే. తరచూ ఆగుతూ సాగే బండికి ఈ ఏర్పాటు బాగా కలిసొస్తుంది. అటువంటి బండి సిటీ బస్సు. 2019 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయం దారిలో దిగిన 40 విద్యుత్ బస్సుల్లోనూ, మెట్రో రైళ్ళలోనూ ఇదే సూత్రం. ఆ బ్యాటరీల తయారీ పాలమూరు గడప దాకా వచ్చింది. మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలో అమరరాజా సంస్థ బ్యాటరీ కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. పదేళ్ళలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అని ప్రకటించారు. వలస పోయే జిల్లాలో ఆ పనులు స్థానిక యువకులకు దక్కితేనే దాని ప్రయోజనం.

పందెం నుంచి మామూలు బండి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది: ప్రాణరక్షణ. డిస్క్ బ్రేకులకు పేరొచ్చింది 1953లో లమాన్ పందెం గెలిచిన జాగ్వార్ కారుతో. పందెపు కార్లు గుద్దుకున్నప్పుడు పెట్రోలు చిమ్మి మంటలు రేగి ఎందరో చనిపోయాక, 1970 నుంచి ఫార్ములా వన్‌లో పగలని సంచి లాంటి ఇంధన ట్యాంకును తప్పనిసరి చేశారు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు ఓల్వో బస్సు కల్వర్టును గుద్దుకొని తగలబడింది. 45 మంది నిద్రలోనే కాలిపోయారు. ఒక్క డ్రైవరు కూర్చునే పందెపు కారుకు నలభై ఏళ్ళ ముందే ఇచ్చిన రక్షణ, యాభైమంది పడుకొని పోయే బస్సుకు ఇవ్వలేకపోవడం సాంకేతిక లోపం కాదు. అడిగేవారు లేకపోవడం.

నగరంలో

మక్తల్ వాళ్ళు పనికీ చదువుకీ చేరే నగరం హైదరాబాదు. మద్రాసులో 1895లోనే విద్యుత్ ట్రాము నడిచి 1953 దాకా ఉంది. హైదరాబాదు టాంగా, ఝట్కా, సైకిల్ రిక్షా, బస్సులతోనే గడిపింది. నిజాం చివరి ఏళ్ళలో దిగిన డబుల్ డెక్కర్లు 2000ల తొలి ఏళ్ళలో కనుమరుగై, 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ పందెం వారంలోనే విద్యుత్ రూపంలో మళ్ళీ కనిపించాయి. 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు, 2017 నవంబరు 28న మెట్రో వచ్చాయి. మూడు దారుల్లో కలిపి మెట్రో 69 కిలోమీటర్లు. అందులో ఒకటి, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా, రెండు పెద్ద బస్‌స్టేషన్లను నేరుగా కలుపుతుంది. పల్లె నుంచి ఎంజీబీఎస్‌లో దిగిన మనిషి మూటతోనే మెట్రో ఎక్కగలుగుతున్నాడు. నగర రవాణాలో మిగతా హంగులన్నిటికంటే ఈ కలయికే విలువైనది.

మక్తల్‌కు రైలు

కర్ణాటకలోని మునీరాబాదు నుంచి రాయచూరు, మక్తల్ మీదుగా మహబూబ్‌నగర్‌కు కొత్త లైను 1997–98 బడ్జెట్‌లో మంజూరైంది. నిధులు ఏటా చుక్కలు చుక్కలుగా వచ్చాయి. తెలంగాణ వైపు దేవరకద్ర నుంచి జక్లేరు దాకా ఒక దశ, అక్కడి నుంచి మక్తల్, మాగనూరు మీదుగా కృష్ణా దాకా తరువాతి దశలు. 37 కిలోమీటర్ల జక్లేరు–కృష్ణా భాగానికి 500 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. 2023 అక్టోబరు 1న ప్రధాని నరేంద్ర మోదీ మహబూబ్‌నగర్ నుంచి దాన్ని ప్రారంభించి, కృష్ణా స్టేషన్ నుంచి కాచిగూడ–రాయచూరు రైలుకు జెండా ఊపారు. సరిగ్గా వారం ముందు, సెప్టెంబరు 24న, కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ మహబూబ్‌నగర్ మీదుగా మొదలైంది. పత్రికలన్నీ వందేభారత్ బొమ్మ వేశాయి. ఈ జిల్లాకు రెండో వార్తే పెద్దది.

కొత్త లైనెక్కిన బండి డెము. దీనికి విడిగా ఇంజను ఉండదు. పెట్టెల వరుసలోనే డీజిల్ యంత్రం విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ విద్యుత్తుతో చక్రాల దగ్గరి మోటార్లు తిరుగుతాయి. రెండు చివర్లా డ్రైవరు గది ఉంటుంది కనుక గమ్యం చేరాక ఇంజను విప్పి అటుపక్కకు మార్చే పని లేదు. త్వరగా వేగం అందుకుంటుంది, త్వరగా ఆగుతుంది. దగ్గర దగ్గరగా ఉన్న చిన్న స్టేషన్లకు ఇంతకంటే తగిన బండి లేదు. కొత్త లైను వల్ల హైదరాబాదు వైపు నుంచి రాయచూరుకు దగ్గరి దారి కూడా ఏర్పడింది. సరుకు రవాణాకు ఇది ముందుముందు పెద్ద సదుపాయం.

కృష్ణా స్టేషన్‌కు 1871లో వచ్చిన పట్టాలతో, పాతిక కిలోమీటర్ల దూరంలోని మక్తల్ కలవడానికి 152 ఏళ్ళు పట్టింది. నారాయణపేట పట్టణానికి రైలు ఇప్పటికీ లేదు. వికారాబాదు నుంచి పరిగి, కొడంగల్, నారాయణపేట, మక్తల్ మీదుగా కృష్ణా దాకా లైను కావాలన్న కోరిక దశాబ్దాలది. ఆ లైను వేయాలి. వేసిన లైను మీద కాలేజీ వేళకు, సంత వేళకు, ఆస్పత్రి వేళకు అందేలా మరిన్ని డెము బండ్లు నడపాలి. అవి చిన్న స్టేషన్లలో ఆగాలి. ఈ ప్రాంతపు ప్రజాప్రతినిధులు పార్లమెంటులో అడగవలసిన మొదటి రైల్వే ప్రశ్న ఇదే.